రీసెర్చ్‌లో తేలిందంటాండారు సరే, కొలిచింది ఏంది?

అనంతపురంలో తెల్లారి ఐదున్నరకి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు కాడికి పోతే కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లోళ్ళు గుంపులు గుంపులుగా 1600 మీటర్లు కొడతాంటారు, రౌండ్లు అయిపోయినాక గట్టు మీద కూర్చొని మాట్లాడుకునేది వింటే పరుగు గురించి తక్కువ, ఏం తినాల ఏం తాగాల అనేదే ఎక్కువ. ఒకడు బీట్‌రూట్ జ్యూస్ అంటాడు, ఇంకొకడు బలం కోసం జిమ్ముల్లో వాడే క్రియాటిన్ పొడి వేసుకుంటే వెంట్రుకలు రాలిపోతాయంటాడు, జిమ్ముకి పోయేటోడు బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పొడి లేకుంటే కండ రాదంటాడు, ఇంటికాడ నుంచి వచ్చినోడు మా తాత సంగటి తినే 90 ఏండ్లు బతికినాడు పోండిరా అంటాడు. అందరి మాటా చివరికి ఒక్క చోటికే వస్తాది: "రీసెర్చ్‌లో తేలిందన్నా."

వీళ్ళు అబద్ధం చెప్తాండారని నేను అనడం లేదు. నిజంగానే వీటిలో దాదాపు అన్నిటి వెనకా ఏదో ఒక రీసెర్చ్ పేపర్ ఉంటాది, వెతికితే దొరుకుతాది కూడా. తిరకాసు ఏమంటే ఆ పేపర్లో వాళ్ళు కొలిచింది ఒకటి, రీల్‌లో వీళ్ళు చెప్పేది ఇంకొకటి. న్యూట్రిషన్ పేరుతో జరిగే మోసంలో పచ్చి అబద్ధం పాలు తక్కువ, ఎక్కువ భాగం ఈ రెండిటి మధ్య సందులోనే దాక్కొని ఉంటాది. కాబట్టి ఎవరన్నా ప్రూవ్ అయింది అనంగానే అడగాల్సింది "నిజమా?" అని కాదు, "ఏం కొలిచినారు?" అని.

క్రియాటిన్, వెంట్రుకల కథే తీసుకోండి, ఎందుకంటే జిమ్ముల్లో ఇంత భయం పుట్టించిన పేపర్ ఇంకొకటి ఉండదేమో. 2009లో దక్షిణాఫ్రికాలో కాలేజీ వయసు రగ్బీ ఆటగాళ్ళు 20 మందితో ఒక స్టడీ చేసినారు. మొదటి వారం రోజుకి 25 గ్రాములు, తర్వాత రెండు వారాలు 5 గ్రాములు క్రియాటిన్ ఇచ్చినారు. రక్తంలో డీహెచ్‌టీ అనే హార్మోన్ మొదటి వారం అయ్యేసరికి 56 శాతం పెరిగింది. మగవాళ్ళకు వచ్చే బట్టతలకి డీహెచ్‌టీకి సంబంధం ఉన్న మాట నిజమే, అందుకే ఈ రెండిటినీ కలిపేసి క్రియాటిన్ వేసుకుంటే గుండు అని తేల్చేసినారు. కానీ ఆ స్టడీలో ఒక్కరి తల మీద ఒక్క వెంట్రుక కూడా ఎవరూ లెక్కపెట్టలేదు, వాళ్ళు చూసింది రక్తం మాత్రమే. పెరిగిన తర్వాత కూడా ఆ హార్మోన్ మామూలుగా ఉండాల్సిన హద్దుల్లోనే ఉంది. 2025లో ఇంకొక ట్రయల్ వచ్చింది, అందులో 12 వారాలు రోజుకి 5 గ్రాములు ఇచ్చి నేరుగా వెంట్రుకల్నే పరీక్ష చేసినారు, క్రియాటిన్ వేసుకున్నోళ్ళకి, క్రియాటిన్ లేని ఉత్తుత్తి పొడి వేసుకున్నోళ్ళకి తేడా కనపడలేదు. ఇది మొదటిదాని కన్నా మెరుగు, ఎందుకంటే అడిగిన ప్రశ్ననే కొలిచినారు. అయినా అది కూడా చిన్న ట్రయలే, మూడు నెలలదే. పదేండ్లు వేసుకుంటే ఏమైతాదో దాంతో చెప్పలేం, క్రియాటిన్‌తో ఏమీ కాదనేవాళ్ళు కూడా ఎగిరి గంతేసే పని లేదు.

కిడ్నీ భయం కూడా అట్లాంటిదే. క్రియాటిన్ ఒంట్లో కరిగి క్రియాటినిన్ అయితాది, ల్యాబ్‌లో కిడ్నీ ఎట్లుందో చూసేది ఆ క్రియాటినిన్‌తోనే. పొడి వేసుకున్నోడికి, కండ ఎక్కువున్నోడికి ఆ నంబర్ కొంచెం పైన వస్తాది, దానికే కిడ్నీ పోయింది అనుకుంటే ఎట్ల? నంబర్ పెరగడం వేరే, కిడ్నీ వడపోత తగ్గడం వేరే. అనుమానం ఉంటే సిస్టాటిన్ సి అని ఇంకొక టెస్ట్ ఉంది, అది కండని బట్టి క్రియాటినిన్ అంతగా మారదు. ముందే కిడ్నీ జబ్బు, షుగరు, బీపీ ఉన్నోళ్ళ సంగతి మాత్రం పూర్తిగా వేరే, వాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా డబ్బా మూత కూడా తీయగూడదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రోళ్ళ మీద చేసిన స్టడీలు వాళ్ళకి వర్తించవు.

ఇట్ల అసలు దాని బదులు దాని పక్కన ఉండేదాన్ని కొలవడం సైన్స్‌లో తప్పేం కాదు, ఎముక విరిగేదాకా ఇరవై ఏండ్లు కూర్చోలేరు గదా, అందుకే ఎముక సాంద్రత కొలుస్తారు. తప్పు ఎక్కడంటే, పక్కదాని మీద వచ్చిన ఫలితాన్ని అసలుదాని పేరుతో అమ్మడం. బీసీఏఏ డబ్బా నిలబడేదే దీని మీద. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు తాగితే కండరం కట్టే పనికి సిగ్నల్ పోతాది, కొన్ని గంటల పాటు ఆ స్పీడు కొలిస్తే పెరిగినట్టు కనపడతాది, అబద్ధం కాదు. కానీ కండ కట్టాలంటే బయట నుంచి రావాల్సిన అమైనో ఆమ్లాలు తొమ్మిది, ఇవి మూడే. మేస్త్రీలంతా వచ్చి నిలబడి ఇటుకలు కూడా దిగినాక సిమెంటు, ఇసుక లేకపోతే గోడ ఎంత లేస్తాదో ఇదీ అంతే. పైగా ఆ పోలిక ఎక్కువసార్లు వేటితోనో చూడండి, ఉత్త నీళ్ళతో! అదే ప్రోటీన్ ఉన్న పాలతోనో గుడ్లతోనో పోల్చమంటే డబ్బా గొప్పతనం కరిగిపోతాది, ఎందుకంటే ఆ మూడూ పాలల్లో గుడ్లలో ముందే ఉండాయి, మిగతా ఆరుతో సహా.

ఈ లూసిన్‌కి మన పక్క ఇంకొక పాత కథ ఉంది, అది ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. దక్కన్ పీఠభూమిలో జొన్న ప్రధానంగా తినే పేదోళ్ళలో పెల్లాగ్రా అని జబ్బు వస్తా ఉండేది, ఎండ తగిలే చోట చర్మం నల్లగా పొరలు పొరలుగా లేస్తాది, మెడ చుట్టూ హారం వేసినట్టు. నియాసిన్ అనే బి విటమిన్ చాలకపోతే వచ్చే జబ్బు అది. అమెరికాలో, ఐరోపాలో మొక్కజొన్న తినేవాళ్ళకి వచ్చేది. అయితే చిక్కేమంటే, లెక్క ప్రకారం జొన్నలో నియాసిన్‌కి మరీ అంత కరువు లేదు, మరి వీళ్ళకెందుకు వస్తాంది? 1960లో హైదరాబాద్‌లో, ఇప్పుడు మనం ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) అనే చోట, సి. గోపాలన్, శ్రీకాంతయ్య కలిసి ఒక ఊహ ముందు పెట్టినారు: జొన్న ప్రోటీన్‌లో లూసిన్ మరీ ఎక్కువ, ఆ ఎక్కువ లూసిన్ ఒంట్లో నియాసిన్ తయారీకి అడ్డం పడుతోందేమో అని. మంచి ఊహ, దాని మీద ఏండ్ల తరబడి పని చేసినారు. తర్వాత వేరే ల్యాబుల్లో అదే పరీక్ష చేస్తే ఫలితాలు అందరికీ ఒకే మాదిరి రాలేదు, వాదన తెగలేదు, ఈలోపల జనం తిండి మారింది, జబ్బు అరుదైపోయింది.

ఇప్పుడు చూడండి తమాషా, 1960లో విలన్ అనుకున్న లూసిన్ ఇవాళ కర్నూలు జిమ్ముల్లో డబ్బా మీద పెద్ద అక్షరాలతో హీరో. అప్పుడు కొలిచింది నియాసిన్ ఏమైతాందని, ఇప్పుడు కొలిచేది కండరం సిగ్నల్. జబ్బు బారిన పడిన పేదరైతు ఒళ్ళూ, రోజూ కోడికూర తిని బరువులెత్తే కుర్రోడి ఒళ్ళూ ఒకటి కాదు. కాబట్టి ఫలానా పదార్థం మంచిదా చెడ్డదా అని అడిగితే సైన్స్ కాడ జవాబు ఉండదు. ఎవరిలో, ఎంత, దేని బదులు, ఏం జరగాలని, ఇవన్నీ చెప్తేనే జవాబు.

"ఎవరిలో" అనేది స్పోర్ట్స్ డ్రింకుల కాడ బాగా అర్థమైతాది. 1965లో అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎండకి సోలిపోయే ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం గేటొరేడ్ తయారు చేసినారు, ఆ పరిస్థితికి అది న్యాయమే. తర్వాత దాని చుట్టూ చేసిన చాలా ప్రయోగాలు ఎట్లుంటాయంటే, రాత్రంతా ఏమీ తినని సైక్లిస్టుని గంటా రెండు గంటలు తొక్కించి, చక్కెర నీళ్ళు తాగినోడిని ఉత్త నీళ్ళు తాగినోడితో పోలుస్తారు. చక్కెర గెలవకుంటే ఆశ్చర్యపోవాల. నువ్వు పరిగెత్తేది 1600 మీటర్లు, ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతాది, రాత్రి అన్నం తిన్న ఒంట్లో దానికి సరిపడా చక్కెర ముందే నిల్వ ఉంటాది, ఆ సైక్లిస్టు ఫలితం నీకెందుకు? 2012లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కూర్చొని పత్రికల్లో, వెబ్‌సైట్లలో స్పోర్ట్స్ ఉత్పత్తుల ప్రకటనలు లెక్కేసినారు. 104 ఉత్పత్తులు, వాటి మీద పర్ఫార్మెన్స్ పెంచుతాదని 431 మాటలు, వాటికి ఆధారంగా చూపించిన రెఫరెన్సులు 146. వాటిలో పరిశీలించడానికి వీలైన స్టడీలను జల్లెడ పడితే మంచి నాణ్యత, పక్షపాతం తక్కువ అని చెప్పదగ్గవి మూడంటే మూడు.

ఇక "మా తాత సంగటి తినే బతికినాడు" దగ్గరికి వస్తే, నాకూ సంగటి, ఊరిబిండి పచ్చడి అంటే ప్రాణమే, అందుకని లాజిక్‌కి మినహాయింపు ఇవ్వలేం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏండ్ల దగ్గర ఉండేది, పుట్టిన పిల్లోళ్ళు శానామంది చిన్నప్పుడే పోయేవాళ్ళు కాబట్టి. 90 ఏండ్ల తాత మనకు కనపడతాడు, ఆయన పక్కింట్లో అదే సంగటి తిని నలభైకే పోయినోడు కనపడడు. పైగా తాత సంగటి ఒక్కటే తినలేదు గదా, పొద్దున్నుంచి సేద్యం చేసినాడు, బండెనక నడిచినాడు. ఏది పని చేసిందో ఎట్ల విడదీస్తారు?

ఈ విడదీయడం అనేది సైంటిస్టుల నడుం కూడా విరగ్గొట్టింది. క్యారెట్‌కి ఆ రంగు తెచ్చే బీటా కెరోటిన్ సంగతి చూడండి. క్యారెట్లు, ఆకుకూరలు బాగా తినేవాళ్ళకి, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్నోళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వస్తాందని చాలా పరిశీలనల్లో కనపడింది. ఇంకేం, మాత్ర చేసి ఇస్తే సరి అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగ తాగే మగవాళ్ళు 29,133 మందిని తీసుకొని చీట్లు వేసినట్టు గుంపులుగా పంచి, కొందరికి మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ మింగినోళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. తగ్గలేదు సామీ, పెరిగింది! అమెరికాలో అదే సమయంలో నడుస్తాండిన ఇంకొక పెద్ద ట్రయల్‌లో కూడా హాని కనపడేసరికి 1996లో మధ్యలోనే ఆపేసినారు. క్యారెట్లు తినేటోడు ఇంకా నలభై రకాలుగా వేరే మనిషి, పొగ తక్కువ తాగుతాడు, డబ్బులుంటాయి, డాక్టర్ కాడికి పోతాడు. క్యారెట్‌లో ఇంకా వంద పదార్థాలు ఉంటాయి. మాత్రలో ఉండేది వాటిలో ఒక్కటే. అందుకే "తినేవాళ్ళలో కనపడింది" అనే దానికి, "చీటీ వేసి ఇచ్చి చూసినాం" అనే దానికి నేను ఒకే విలువ ఇవ్వను. తిండి విషయంలో రెండో రకం చేయడం కష్టం, ఇరవై ఏండ్లు ఒకరిని జొన్నరొట్టె మీద, ఇంకొకరిని అన్నం మీద ఎవరూ కట్టి పెట్టలేరు, అది ఒప్పుకోవాల. కానీ కష్టమని చెప్పి మొదటి రకాన్ని రెండోదానిగా అమ్మగూడదు.

రాగుల మీద కూడా ఇదే చూపుతో ఒకసారి చూద్దాం. ఎన్ఐఎన్ పట్టికలో 100 గ్రాముల రాగుల్లో క్యాల్షియం 364 మిల్లీగ్రాములు, ధాన్యాల్లో దానికి సాటి లేదు. ఇది గింజలో కొలిచిన నంబర్. గింజలో ఉండేదంతా ఎముకలోకి పోదు, రాగుల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు క్యాల్షియంని కొంత పట్టుకుంటాయి, మొలక కట్టినా పులియబెట్టినా ఆ పట్టు కొంచెం సడలుతాది. అదే పట్టికలో ప్రోటీన్ చూస్తే 7 గ్రాములే, కండ కోసం రాగి జావ అనేటోళ్ళు అది చూడరు. షుగర్ విషయానికొస్తే, 2021లో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు ముందుండి చిరుధాన్యాల మీద వచ్చిన స్టడీలన్నీ కూడేసి చూస్తే షుగర్ ఉన్నోళ్ళలో రక్తంలో గ్లూకోజ్ 12 నుంచి 15 శాతం తగ్గినట్టు కనపడింది. మంచి వార్తే. కానీ అది చాలావరకు వరి, గోధుమ బదులు తిన్నప్పటి సంగతి, అందులో చాలా స్టడీలు చిన్నవి. అన్నం తిన్నాక పైన ఒక గ్లాసు బెల్లం వేసిన మాల్టు తాగితే ఆ 15 శాతం రాదు. పిండి ఎంత మెత్తగా ఆడిస్తే అంత తొందరగా షుగర్ ఎక్కుతాది అనేది రాగులకీ వర్తిస్తాది.

శాతాల ఆట గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 2015లో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ, రోజుకి 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్కు 18 శాతం పెరుగుతాదని చెప్పింది. జనం 100 మందిలో 18 మందికి వస్తాదనుకున్నారు. పాశ్చాత్య దేశాల్లో జీవితం మొత్తం మీద 100 మందిలో సుమారు 5 మందికి వచ్చేది దాదాపు 6 అయితాదన్నమాట. పెరిగింది నిజమే, మొదట ఎంత ఉంది అనేది చెప్పకుండా శాతం ఒక్కటే చెప్పినోడిని నమ్మొద్దు.

"నాకు పని చేసిందన్నా" అనేదాన్ని మాత్రం ఎట్ల కాదంటాం? పని చేసే ఉంటాది, అదే ఇబ్బంది. ఇంగ్లాండ్‌లో 2006లో సైక్లిస్టులతో ఒక ప్రయోగం చేసినారు, ఒకసారి కెఫీన్ లేదని, ఒకసారి కొంచెం ఉందని, ఒకసారి ఎక్కువ ఉందని చెప్పి మాత్రలు ఇచ్చి 10 కిలోమీటర్లు తొక్కించినారు. నిజానికి దేంట్లోనూ కెఫీన్ లేదు. కొంచెం ఉందనుకున్నప్పుడు పవర్ 1.3 శాతం పెరిగింది, ఎక్కువ ఉందనుకున్నప్పుడు 3.1 శాతం పెరిగింది, లేదని చెప్పినప్పుడు 1.4 శాతం తగ్గింది. ఆరుగురే కాబట్టి ఆ దశాంశాలను పట్టుకొని వేలాడొద్దు, కానీ డోసు పెంచినామని చెప్తేనే ఫలితం డోసు ప్రకారం పెరిగింది చూడండి! ఇక 1800 రూపాయలు పెట్టి కొన్న ప్రీవర్కౌట్ (కసరత్తు ముందు తాగే పొడి) డబ్బా వాసన చూస్తేనే ఊపు రాకుండా ఉంటాదా. అందుకే తాగినోడికీ, ఇచ్చేటోడికీ ఏది అసలుదో తెలియకుండా చేసిన ట్రయల్‌కి అంత విలువ.

కొలిచింది ఏందో అడిగినట్టే, ఎన్ని కొలిచినారో కూడా అడగాల. 2015లో జాన్ బోహనన్ అనే జర్నలిస్టు కావాలనే ఒక చెత్త స్టడీ చేసినాడు, జర్మనీలో 15 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి పిండిపదార్థాలు తగ్గించి రోజూ కొంచెం డార్క్ చాక్లెట్ పెట్టినారు. బరువు, కొలెస్ట్రాల్, నిద్ర, ఇట్ల 18 రకాలు కొలిచినారు. చాక్లెట్ గుంపు 10 శాతం తొందరగా బరువు తగ్గింది అని తేలింది, జర్నల్‌లో అచ్చయింది, పేపర్లు టీవీలు దేశదేశాల్లో వేసేసినాయి. గుట్టు ఏమంటే, 20లో 1 వంతు కాకతాళీయంగా తప్పు ఫలితం వచ్చే అవకాశాన్ని ఒప్పుకొని లెక్క చేసేటప్పుడు, 18 విషయాలు విడివిడిగా కొలిస్తే ఏదో ఒకటి ఊరికే "తేలే" అవకాశం దాదాపు 60 శాతం. బరువు కాకపోతే నిద్ర తేలేది, అప్పుడు హెడ్‌లైన్ చాక్లెట్ తింటే హాయిగా నిద్ర అని ఉండేది. దీనికి మందు ఒక్కటే, మొదలు పెట్టకముందే ఏం కొలవబోతాండారో రాసి పెట్టడం. మన దేశంలో దానికి సీటీఆర్ఐ అని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. డబ్బా మీద మా స్టడీ అని రాసుంటే అందులో వెతకండి, ముందు రాసింది కండ బలం, పేపర్లో గొప్పగా చెప్పింది "అలసట తగ్గినట్టు అనిపించింది" అయితే కథ అర్థమైనట్టే.

జర్నల్‌లో వచ్చింది అన్నంత మాత్రాన కూడా కరిగిపోవద్దు. హైదరాబాద్‌లో ఉన్న ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ కేసు వేస్తే, నిపుణులు సరిగ్గా చదవకుండానే పేపర్లు వేస్తూ రచయితలను తప్పుదోవ పట్టించారని 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్ల పైన కట్టమని తీర్పు ఇచ్చింది. పెద్ద పేరున్న జర్నల్ అయినా చూడాల్సింది ఉంటాది. 1967లో హార్వర్డ్ వాళ్ళు గుండెజబ్బుకి కొవ్వే కారణం, చక్కెర పాత్ర తక్కువ అన్నట్టు రాసిన సమీక్షకి చక్కెర పరిశ్రమ డబ్బులిచ్చిందని 2016లో పాత ఉత్తరాలు బయటపడినాక గాని తెలియలేదు. కంపెనీ డబ్బులిస్తే ఫలితం అబద్ధం అని కాదు, క్రియాటిన్ మీద మంచి స్టడీల్లో కూడా కంపెనీల డబ్బు ఉంది. డబ్బులిచ్చినోడు ఎక్కువగా తారుమారు చేసేది ఫలితాన్ని కాదు, ప్రశ్నని. నీళ్ళతో పోల్చమంటాడు, పాలతో పోల్చమనడు.

సరే పేపరు బాగుంది, ట్రయల్ బాగుంది, కానీ నువ్వు కొన్న డబ్బాలో ఉండేది అదేనా? 2024లో కేరళ డాక్టర్లు మన మార్కెట్‌లో దొరికే 36 ప్రోటీన్ పొడులు టెస్ట్ చేయిస్తే దాదాపు 70 శాతం వాటిల్లో ప్రోటీన్ లేబుల్ మీద చెప్పినంత సరిగ్గా లేదు, కొన్నిట్లో సగమే ఉంది. ఇక్కడ కూడా కొలత మాయ ఉంది: ప్రోటీన్‌ని మామూలుగా నేరుగా కొలవరు, నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. చవక అమైనో ఆమ్లాలు కలిపినా నైట్రోజన్ పెరుగుతాది, లేబుల్ మీద ప్రోటీన్ పెరుగుతాది, కండకి పనికొచ్చేది పెరగదు. చైనాలో 2008లో పాలపొడిలో నైట్రోజన్ ఎక్కువుండే మెలమైన్ అనే రసాయనం కలిపింది ఈ లెక్కని మోసం చేయడానికే, పసిపిల్లలు చచ్చిపోయినారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబర్ ఉంది గదా అంటే, అది తయారు చేసేటోడికి లైసెన్స్ ఉందని చెప్తాది, కండ వస్తాదని ప్రభుత్వం పూచీ పడినట్టు కాదు. మా ఎండలకి మెడికల్ షాపుల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బాలు ఎన్ని అమ్ముడుపోయినాయో లెక్కే లేదు. అసలు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఈ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఒకామె ఏండ్ల తరబడి కొట్లాడితే గాని 2025 అక్టోబర్‌లో ఫార్ములా ప్రకారం లేని వాటికి ఆ పేరు వాడొద్దని ఆర్డర్ రాలేదు.

ఇంత జల్లెడ పట్టినాక ఏమన్నా మిగులుతాదా అంటే మిగులుతాది, కొంచెమే. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు కూర్చొని పర్ఫార్మెన్స్‌కి నేరుగా పనికొచ్చే ఆధారం ఉన్నవి అని ఐదు చెప్పినారు: కెఫీన్, క్రియాటిన్, నైట్రేట్, బీటా అలనిన్, సోడియం బైకార్బొనేట్. అవి కూడా అందరికీ అన్నిటికీ కాదు. క్రియాటిన్ బరువులకి, చిన్న చిన్న స్ప్రింట్లకి, దూరం పరుగుకి కాదు. గట్టు మీద ఆ పిల్లోడు చెప్పిన బీట్‌రూట్ ఈ నైట్రేట్ కిందికే వస్తాది, వాడి మాటలో పస ఉంది, అయితే లాభం ఒకటి రెండు శాతం లోపల, బాగా ట్రైన్ అయినోళ్ళకి ఇంకా తక్కువ, ఇంట్లో పిండిన గ్లాసులో నైట్రేట్ ఎంతుందో గడ్డ పండిన నేలని బట్టి మారుతాది. ఇంకొకటి, నైట్రేట్‌ని పనికొచ్చేటట్టు మార్చేది నోట్లో ఉండే బ్యాక్టీరియా, జ్యూస్ తాగి మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఆ పని చెడిపోతాది.

ప్రోటీన్ కాడ జనం బాగా తికమక పడతాండారు, ఎందుకంటే రెండు నంబర్లు తిరుగుతాండాయి. ఎన్ఐఎన్ కిలో బరువుకి 0.83 గ్రాములు అంటాది, జిమ్ కోచ్ 1.6 అంటాడు. 60 కిలోలోడికి ఒక లెక్కలో 50 గ్రాములు, ఇంకొక లెక్కలో 96. ఎవరు తప్పు? ఇద్దరూ కాదు, మళ్ళీ అదే, కొలిచింది వేరే. ఎన్ఐఎన్ అడిగిన ప్రశ్న, మామూలు మనిషికి లోటు రాకుండా ఎంత కావాలి అని. 1.6 వచ్చింది 2018లో 49 ట్రయల్స్, 1,863 మందిని కలిపి చేసిన విశ్లేషణ నుంచి, అక్కడ అడిగిన ప్రశ్న బరువులెత్తే వాళ్ళకి ఎంత దాటినాక అదనపు లాభం ఆగిపోతాది అని. అదే విశ్లేషణలో ఇంకొక నంబర్ ఉంది, దాన్ని ఎవరూ పోస్టర్ మీద వేయరు: ప్రోటీన్ అదనంగా ఇచ్చినందుకు సగటున పెరిగిన కండ 300 గ్రాములు, మిగతాదంతా బరువులెత్తడం వల్ల వచ్చిందే. బరువులెత్తని మనిషికి 1.6తో పనే లేదు. 2024 మే నెలలో ఎన్ఐఎన్ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దని, తిండితోనే సరిపెట్టుకోవచ్చని చెప్పింది. పొడి విషం అనేంత దూరం నేను పోను, హాస్టల్లో ఉండి గుడ్డు దొరకనోడికి నమ్మకమైన పొడి ఒక స్కూపు సౌకర్యమే, కానీ గుడ్డులో 6 గ్రాములు ఉంటాది, రేటు గ్రాముకి ఎంత పడుతోందో భాగించి చూసుకుంటే శానామందికి సౌకర్యం తప్ప ఇంకేం కనపడదు.

ఇదంతా విని అయితే మా శెనక్కాయలే బెస్ట్ అన్నా అంటారు మావాళ్ళు, అనంతపురం గదా. 100 గ్రాముల్లో 24 గ్రాముల ప్రోటీన్, నిజమే, దాంతో పాటు 500 కేలరీల పైన కూడా వస్తాయి, బరువు తగ్గాలనుకునేటోడు గుప్పెడు దాటగూడదు. ఇంటి తిండిని కూడా అదే ప్రశ్న అడగాల. ఆ కేరళ టెస్టులో కొన్ని పొడుల్లో ఆఫ్లటాక్సిన్ అనే బూజు విషం దొరికిందని గోల చేసినారు, ఆ ఆఫ్లటాక్సిన్‌కి బాగా ఇష్టమైన ఇండ్లలో శెనక్కాయ ఒకటి, కాయ ముదిరే టైముకి వాన ముఖం చాటేస్తే బూజు కాయలోపలికే పోతాది, మా జిల్లాకి అది కొత్త కాదు. కాలేయానికి హాని చేసే విషం అది, వేయించినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు. గింజలు ఏరేటప్పుడు ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి పారేస్తే చాలావరకు తగ్గుతాది. పారేయాలంతే, పిల్లోళ్ళకి వద్దులే అని ఊరిబిండిలోకి నూరేది కాదు.